రెండు సీరల సలి

ఈ ఏటి చలికాలం అంచనా కాగితం మొన్న సోమవారం మా ఆఫీసుకు వచ్చింది. ఉత్తర కోస్తాలో రాత్రి ఉష్ణోగ్రతలు మామూలు కంటే తక్కువగా ఉంటాయని, ఈ వారంలోనే ఉత్తరం నుంచి చలిగాలులు దిగుతాయని, కొండవాలు మండలాల్లో మంచు దట్టంగా పడుతుందని అందులో ఉంది. ఏటా ఇలాంటి కాగితం వస్తుంది. ఏటా చదివి ఫైల్లో పెడతాను. ఈసారి చదవగానే నా నోట్లోంచి ఒక మాట పైకి వచ్చేసింది.

"రెండు చీరల చలి."

పక్క సీటు ఆయన తలెత్తాడు. "ఏంటి మేడం?"

"ఏం లేదండీ. మీ పని చూసుకోండి."

నా విసుగు ఆయనకు అలవాటే, మళ్ళీ అడగలేదు. పాపం, నా కోపం ఆయన మీద కాదు. ఈ కాగితాన్ని చీరల్లోకి మార్చి చెప్పించుకునే మనిషి ఈ శ్రావణంలో పోయింది. నాకు దసరా దాటాక గానీ తెలియలేదు. శృంగవరపుకోట సంతలో నారు కట్టలు పెట్టుకుని ఆమె కూర్చునే రాయి దగ్గర ఎవరో రబ్బరు చెప్పులు పరుచుకుని కూర్చున్నాడు. ఆమె ఏదని అడిగితే, "నారు ముసిల్దా? పోనాది కదమ్మా, శ్రావణంలో," అన్నాడు, ఒక జత దులిపి ముందు పెడుతూ. నాకు అక్కర్లేని చెప్పులు ఒక జత కొనుక్కుని బస్సెక్కాను. అవి ఇంకా కవర్లోనే ఉన్నాయి.

నా ఉద్యోగం సంగతి కాస్త చెప్పాలి. రైతుల ఫోన్లకు వారానికి రెండుసార్లు వాతావరణం కబురు వెళుతుంది. ఫోన్ మోగుతుంది, ఎత్తితే ఒక గొంతు వచ్చే నాలుగు రోజులు ఎలా ఉంటాయో చెబుతుంది. చాలాకాలం ఆ గొంతు నాదే. కాగితం మా సారు రాసేవారు, నేను చదివి రికార్డు చేసేదాన్ని. విజయనగరం టౌన్లో పుట్టి పెరిగిన దాన్ని, చిన్నప్పుడు బడిలో వక్తృత్వం పోటీల్లో గ్లాసులూ గిన్నెలూ గెలుచుకున్న దాన్ని. ఒత్తులు నా అంత శుభ్రంగా పలికేవాళ్ళు జిల్లాలో లేరని నాకో నమ్మకం. ఆ ఒత్తులే నన్ను ఆమె ముందు నిలబెట్టాయి.

ఆమె మొదటిసారి మా ఆఫీసుకు వచ్చింది ఒక మార్గశిరంలో, మధ్యాహ్నం పూట. కుర్చీ వేస్తే కూర్చోలేదు. వరండా మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో తడి గోనె మూట పెట్టుకుని, "ఫోన్లో మాటాడే పాప ఎక్కడున్నాది?" అని అందరినీ అడుగుతోంది. సన్నటి మనిషి. మోకాళ్ళు దాటి జానెడే దిగిన చీర, ముక్కుకు పాతకాలం నత్తు. నేను బయటికి వచ్చి, ఏం కావాలి మామ్మా అన్నాను. ఆ మాటకే గుర్తుపట్టేసింది.

"నీదేటి ఆ గొంతు? ఫోన్లో ఇంటే లావుపాటి మనిసివనుకున్నాను."

మూట విప్పింది. లోపల వంగ మొలకలు. రెండాకులు వేసి మూడో ఆకుకు చూస్తున్నవాటిని వేళ్ళతో పాటు పెకలించి తెచ్చింది. కాడలు నీరుకారిపోయి, ఆకులు నల్లబడి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

"కష్టం తగ్గుతాదని సెప్పినావు కదమ్మా," అంది. "తగ్గనేదు."

తిట్టినట్టు అనలేదు. నీ చెప్పు తెగింది చూసుకోమని దారిన పోయేవాళ్ళకు చెబుతామే, అలా అంది. నాకు తెలియని సంగతి నాకు తెలియజేయడానికి రెండు బస్సులు మారి వచ్చిందన్నమాట.

"నేనెప్పుడు చెప్పాను?"

"మంగళవారం. నాలుగు దినాలు కష్టం తగ్గుతాదన్నావు. నా సెవులతో ఇన్నాను. మా కోడలూ ఇన్నాది."

నాకు ఒళ్ళు మండింది. ఫోన్ తెచ్చి ఆ రోజు రికార్డు చేసింది పెట్టాను. 'రానున్న నాలుగు రోజుల్లో కనిష్ఠ ఉష్ణోగ్రతలు రెండు నుంచి మూడు డిగ్రీల మేర తగ్గుతాయి.' నా గొంతు గంట కొట్టినట్టు పలికింది. ఆమె చెవి దగ్గరగా పెట్టి విని, వేలు చూపించింది.

"ఇదిగో, ఇక్కడ. కష్టం."

"కష్టం కాదు మామ్మా, కనిష్ఠ. షకు ఠ ఒత్తు. అంటే రోజంతటిలో అన్నిటికన్నా తక్కువగా ఉండే వేడి. అది తగ్గుతుందంటే చలి పెరుగుతుందని."

"సలి పెరిగితే పెరుగుతాదనాల. తగ్గుతాదంటావేటి?"

"తగ్గేది వేడి."

"సదువుకున్నోల్లు కష్టాన్ని కనిష్టమంటారేమో అనుకున్నాను," అంది నెమ్మదిగా. "మా ఇంట్లో ఒల్లు కాలిపోతంటే డాక్టరు కూడా డిగ్రీలు తగ్గినాయమ్మా అంటాడు. తగ్గితే మంచిదే కదా."

మూడుసార్లు వినిపించాను. మూడుసార్లూ ఆమెకు కష్టమే వినబడింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, చచ్చిన మొలకలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషితో నేను ఒత్తుల గురించి వాదించాను. మా సారు గదిలోంచి వచ్చి, సంగతి విని, నవ్వుకుంటూ లోపలికి పోయారు. ఆ నవ్వు చూసి నాకు ఇంకా ధైర్యం వచ్చి, "మీకు అర్థం కాకపోతే నన్నేం చెయ్యమంటారు?" అని కూడా అన్నాను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమె జరిగింది చెప్పింది. చలికాలంలో నారుమళ్ళ మీద సాయంత్రం పాత చీరలు కప్పి, పొద్దున్న ఎండ రాగానే తీస్తారట. మంగళవారం నా మాట వినగానే చీరలన్నీ తీసేసింది. తీసి ఊరుకోలేదు.

"అన్నీ గెడ్డకి అట్టుకెల్లి ఉతికీసినాను. నాలుగు దినాలు కష్టం తగ్గుతాదంటన్నాది కదా, మురికి గుడ్డలేటి ఇంటి ముందల, అనీసి. రెండు దినాలకి మడి పడిపోనాది."

మంచి రోజులు వస్తున్నాయని ఫోన్ చెబితే ఆమె వాటి కోసం వాగులో బట్టలుతుక్కుంది. అది విన్నాక నాకు ఒత్తులూ గుర్తు రాలేదు, షలూ గుర్తు రాలేదు. మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"మిరప పోనాది, టమాటా పోనాది. పోతే పోనీ, అవి కొట్లో దొరుకుతాయి," అంది మొలకలను మళ్ళీ మూట కడుతూ. "ఈ ముల్లవంగ దొరకదు. మా యమ్మ నాకు పెల్లయి ఎల్లినప్పుడు కొంగున కట్టిన ఇత్తు. ఏడాదికేడాది నానే తీస్తన్నాను. ఇక్కడెవల కాడా నేదు."

"ఇంకా విత్తనం ఉందా మామ్మా?"

బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించింది. చిటికెడు.

టీ తెప్పిస్తే తాగి, చక్కెర తక్కువైందని చెప్పి, గ్లాసు తనే కడిగి బోర్లించింది. పోతూ పోతూ నా మొహంలోకి చూసింది. "మరి ఇప్పుడు సెప్పు. ఈ దినం కప్పాలా, వద్దా?"

లోపలికి పరుగెత్తి కాగితం చూసి వచ్చాను. "కప్పాలి మామ్మా."

"అదీ మాటంటే," అని మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం నాలుగు గంటలకు నా ఫోన్ మోగింది. నంబరు ఎవరిచ్చారో ఇప్పటికీ తెలియదు. బాగున్నావా లేదు, ఎవరు మాట్లాడుతున్నారో లేదు.

"కప్పాలా?"

"కప్పాలి."

ఫోన్ కట్. ఆ సాయంత్రం మొదలు ప్రతి చలికాలం, నాలుగు గంటలకు, ఆ ఒక్క ప్రశ్న. ఫోన్లో ఆమె పేరు 'కప్పాలా మామ్మ' అని పెట్టుకున్నాను. అసలు పేరు అడిగితే ఒకసారి, "పేరుతో పనేటి, మడికి సలేస్తన్నాది," అంది. మళ్ళీ అడగలేదు.

మొదట్లో నా అలవాటు పోక, "తేలికపాటి పొగమంచు కురిసే అవకాశం ఉంది మామ్మా," అనేదాన్ని. "అవకాశం నాకెందుకమ్మా, సీర సెప్పు," అనేది. అప్పుడే నాకు ఆమె కొలత తెలిసింది. మామూలు చలికి ఒక చీర. కొండ మీంచి గాలి దిగే చలికి రెండు. అంతకు మించితే చీర మీద గోనె. ఒక సీర సలి, రెండు సీరల సలి, గోనె సలి. చలికి ఆమె దగ్గర ఉన్నవి ఈ మూడే మాటలు. నేను ఆఫీసులో కూర్చుని డిగ్రీలను చీరల్లోకి మార్చడం మొదలుపెట్టాను. ఎన్ని డిగ్రీల దగ్గర ఒకటి రెండవుతుందో నా టేబుల్ అద్దం కింద చీటీ రాసి పెట్టుకున్నాను. మా సారు అది చూసి, ఇదేం లెక్కమ్మా అన్నారు. ఇంటి లెక్క సార్ అన్నాను.

ఇంకో మంచిపనీ చేశాను. సారుతో వారం రోజులు పోట్లాడి, కాగితం చదివాక చివర ఒక్క వాక్యం నా సొంతంగా చేర్చే అనుమతి తెచ్చుకున్నాను. 'అంటే చలి పెరుగుతుంది, నారుమళ్ళు కప్పుకోండి.' ఎనిమిదో తరగతి పిల్ల కూడా రాయగల వాక్యం. నా చదువు మొత్తంలో ఎవరికైనా పనికొచ్చింది అదే.

ఆమె మొదటిసారి ఆఫీసుకు వచ్చిన ఏడే, పుష్యమాసంలో ఒక ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. క్షమాపణ చెప్పాలనే వెళ్ళాను. నోరు పెగలదని తెలుసు కనక, నా పాత చీర ఒకటి కవర్లో పెట్టుకుని వెళ్ళాను. బస్సు దిగి గెడ్డ దాటితే కొండ కింద పాతిక ఇళ్ళ ఊరు. ఇంటి ముందు నేలంతా మళ్ళు, మళ్ళ మీద చీరలు. ఎండ ఇంకా రాలేదు. ఎర్రవీ పచ్చవీ అంచులవీ పువ్వులవీ, వెదురు బద్దలు వంచి గుచ్చి వాటి మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి ఉన్నాయి. ఆమె ఒక్కొక్కటీ నాకు పరిచయం చేసింది.

"ఇది నా పెల్లి సీర. ఇది ఓట్లప్పుడు పంచినారు. ఇచ్చినోడు ఓడిపోనాడు గాని సీర నిలబడినాది. ఇది మా కోడలిది, దానికి తెలీదు."

కోడలు మా వెనకే చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. "నాకు తెలుసు," అంది.

"తెలిస్తే తెలిసింది. నెల దినాల్లో ఇచ్చెస్తాను."

"పోయినేడూ అలగే అన్నాది," అని కోడలు నాతో చెప్పి లోపలికి పోయింది. ఆ అమ్మాయి మాట్లాడటం ఆ రోజు నేను విన్నది అంతే.

చీరల గురించి ఆమెకు తెలిసినంత బట్టల షాపు వాళ్ళకు కూడా తెలియదు. నైలాన్ చీర మంచును పైనే ఆపుతుంది. నేత చీర మంచంతా తాగేసి బరువెక్కి మొక్క మీద కూలబడుతుంది. వాళ్ళాయన పొందూరు పంచె ఒకటి దండెం మీద మడతపెట్టి ఉంది, అది కప్పవా అంటే, "మరీ సన్నం, మడికి పనికిరాదు. మనిసికే సరిపోనాది," అంది. నేను కవరు ఇచ్చాను. చీర బయటికి తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, వాసన చూసి, మడిచి చంకలో పెట్టుకుంది.

"ఇది మడికి కాదు. నాకు."

నా క్షమాపణ అలా అయిపోయింది.

చలిని చూడటానికి ఆమెకు ఇంకో పరికరం ఉండేది. పొద్దువాలే వేళ నత్తు మీద చూపుడువేలు వెనకభాగం ఆనించి ఒక నిమిషం ఊరుకునేది. నత్తు చల్లగా ఉంటే ఒక చీర. నత్తు కొరికితే రెండు. నా కాగితమూ ఆమె నత్తూ చాలాసార్లు ఒకే మాట చెప్పేవి, అప్పుడు ఇద్దరం సంతోషించేవాళ్ళం. చెప్పని రోజు ఒకటి వచ్చింది.

ఆ చిటికెడు విత్తనం ఆమె ఆ పుష్యంలోనే మళ్ళీ చల్లింది. ఇంటి గుమ్మానికి దగ్గరగా చాపంత మడి. అది పోతే ఇక ముళ్ళవంగ లేదు, ఆమె తల్లి కొంగున కట్టింది అక్కడితో సరి. మొలకలు రెండో ఆకు మీద ఉండగా మళ్ళీ చలిగాలుల కబురు వచ్చింది. నాలుగు గంటలకు ఫోన్.

"ఎన్ని?"

కాగితం రెండుసార్లు చూసుకున్నాను. గాలి మా వైపు రాకుండా పైనుంచే పోతుందని రాసి ఉంది. "ఒకటి చాలు మామ్మా."

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. అది మొదటిసారి. "నా నత్తు రెండంటన్నాది," అంది.

"పోనీ రెండు వెయ్యి."

"రెండేస్తే, సలి నేకపోతే, ఉక్కకి కుల్లిపోతాది. ఒకటేస్తే, సలొస్తే, సచ్చిపోతాది. నువ్వు సెప్పు."

ఒకసారి నా గొంతు విని ఆమె మడి పోగొట్టుకుంది. ఇప్పుడు చేతిలో ఉన్నది ఆఖరి చిటికెడు, దాన్ని తెచ్చి మళ్ళీ ఆ గొంతు కిందే పెడుతోంది. సారును అడుగుదామంటే ఆయన వెళ్ళిపోయారు. కాగితం తప్పయితే కాగితానిదే తప్పని అనుకోవడానికి కూడా లేదు, ఒకసారి కాగితం తప్పు కాకుండానే మొలకలు చచ్చాయి.

"ఒకటే," అన్నాను. "నా మాట విను మామ్మా, ఒకటే."

ఫోన్ కట్ అయింది.

మర్నాడు సెలవు పెట్టి మొదటి బస్సుకు వెళ్ళాను. గెడ్డ దాటేసరికి ఎండ వచ్చింది. గుమ్మం పక్క మడి మీద ఒకే చీర ఉంది, ఓట్ల చీర. ఆమె అరుగు మీద గోడకు జారబడి, నేనిచ్చిన చీర తల మీంచి చుట్టుకుని వణుకుతోంది. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది.

"నువ్వే తియ్యి," అంది.

రాళ్ళు పక్కకు పెట్టి, చీర అంచు పట్టుకుని, మడి అవతలికి మడిచాను. మొలకలన్నీ నిటారుగా ఉన్నాయి. నేలకు తల వాల్చిందంటూ ఒక్కటి లేదు. నాకు ఏడుపొచ్చింది. నేను ఏడ్చే మనిషిని కాదు, తిట్టే మనిషిని, కానీ ఏడ్చాను.

దగ్గరికి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. ముందు రోజు మధ్యాహ్నం నుంచే జ్వరమట. ఆ చలిజ్వరానికే నత్తు కొరికినట్టు తోచింది.

"సలి మడిలో నేదు పాపా," అంది పళ్ళు టకటకమంటుంటే. "నాలో ఉన్నాది."

"మరి నత్తు రెండు చెబుతుంటే నా మాట ఎలా విన్నావు? ఒకసారి చెడ్డావు కదా."

ఆమె ఆలోచించింది. ఏదో పెద్ద మాట చెబుతుందని చూశాను. "రెండోది నాకే కావాల్సొచ్చింది," అని చీర ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. కాసేపయ్యాక, నేను మాత్ర మింగించి లేస్తుంటే, మడి వైపు చూస్తూ అంది, "సెడినాక నా ఇంటికొచ్చినావు. సెడగొట్టినోల్లు రారు." ఆ రెండు మాటలు నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ ఏడాది ముళ్ళవంగ కాసింది. లేత ఆకుపచ్చ మీద తెల్ల చారలు, ముచ్చిక నిండా ముళ్ళు. ఒక సంచీడు పట్టుకొచ్చి నా టేబుల్ మీద కుమ్మరించి, నూనె ఎక్కువ పొయ్యకు, కాయకే జిడ్డుంటాదని చెప్పి పోయింది. కొయ్యబోయి నా వేలికి ముల్లు గుచ్చుకుంది. కూర మాత్రం అలాంటిది నేను మళ్ళీ తినలేదు.

పోయిన ఏటి నుంచి నా గొంతుకు పని తగ్గింది. కబుర్లు ఇప్పుడు ఎక్కడో తయారై, కంప్యూటర్ గొంతులో వస్తాయి. నేను ఊళ్ళ జాబితా సరిచూసి బటన్ నొక్కుతాను. నా సొంత వాక్యం ఊడిపోయింది, దానికి చోటు లేదట. కొత్త గొంతు మొదటిసారి విన్న రోజు ఆమె నాలుగింటికి ఫోన్ చేసి, అసలు ప్రశ్న అడగకుండా, "ఎవర్తది? ఊపిరి తీసుకోకుండా మాటాడతన్నాది. దానికి మడి నేదేటి?" అంది. నవ్వాను. ఆమె నవ్వలేదు. "మల్లీ కష్టం తగ్గుతాదనే అంటన్నాది," అంది. నువ్వు భయపడకు మామ్మా, నువ్వు చేస్తావు, నేను చెబుతాను కదా అన్నాను. "నాను సేస్తాను. నా ఎనక ఎవలు సేస్తారు?" అంది. ఆ మాట నేను పట్టించుకోలేదు. మాటవరసకు అందనుకున్నాను.

అందుకే మొన్న కాగితం చూడగానే నాకు ఆ మాట గుర్తొచ్చింది. మంగళవారం పొద్దున సారు దగ్గరికి వెళ్ళి నా ఒక్క వాక్యం పెట్టమన్నాను. వీలుపడదమ్మా అన్నారు. గొంతు పెంచాను. ఆయనా పెంచారు. బటన్ నొక్కక తప్పలేదు. 'కనిష్ఠ ఉష్ణోగ్రతలు తగ్గుతాయి' అని ఆ ఊపిరి తీసుకోని గొంతు కొండ కింద ఊళ్ళన్నిటికీ చెప్పేసింది. ముళ్ళవంగ మడి ఈ ఏడు కోడలు పోసిందని సంతలో చెప్పుల అబ్బాయే చెప్పాడు. ఆ అమ్మాయికి ఎవరు చెబుతారు? ఫోన్ చేద్దామని రెండుసార్లు మామ్మ నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాను. ఆ నంబరుకు ఇంకో గొంతు పలికితే ఎలా అని భయం, అంతకన్నా ఏం లేదు. ఇంతలోకే సాయంత్రమైంది. ఇక తప్పదు, ఇప్పుడే చేస్తానని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అదే మోగింది.

తెర మీద 'కప్పాలా మామ్మ'. గోడ గడియారం నాలుగు.

పక్క సీటు ఆయన, ఎత్తండి మేడం అన్నాక ఎత్తాను.

"నానమ్మా. కోడల్ని," అంది అవతలి గొంతు.

"కప్పేయమ్మా," అన్నాను, ఇంకో మాట రానివ్వకుండా. "రెండు. ఇవాళే. ఫోన్లో చెప్పింది వినకు."

"కప్పీసినాం కదా."

"ఎవరు చెప్పారు?"

"ఫోన్లోనే సెప్పినారు, కష్టం తగ్గుతాదని. అత్త ఊరందరికీ సెప్పీసి పోనాది. ఆఫీసోల్లు కష్టం తగ్గుతాదంటే బేగి సీరలు కప్పండి, పెరుగుతాదంటే తీసీండి, అనీసి. మా ఊల్లో పిల్ల గుంటలకి కూడా తెలుసు."

ఆ అమ్మాయే చెప్పుకుపోయింది.

"ముల్లవంగ మీద రెండేసినాను. అడుగున మీరిచ్చినది. పైన నా పెల్లి సీర."

"పెళ్ళి చీరా?"

"నైలానేనమ్మా, మంచు ఆపుతాది." అంది. "గాని నాలుగు రాత్రులకి మించి రెండు సీరలు మడి ఓర్సుకోదు, ఉక్కకి కుల్లిపోతాది. అదడుగుదామనే సేసినాను. కష్టం పెరుగుతాదని ఎప్పుడు సెప్తారు? ఎదురుసూస్తన్నాం."

అద్దం కింద చీటీ పక్కన కాగితం పెట్టి, తేదీల మీద వేలు జరుపుతూ చూశాను. "ఆదివారం నుంచి పెరుగుతుందమ్మా."

"నిజంగా? కష్టమేనా?"

"కష్టమే."

"అమ్మయ్య," అని ఫోన్ పెట్టేసింది.